అరవై ఒకటో రోజు: ఉచిత న్యాయ సహాయం కింద నడిచిన ఒక కేసు, దాని లెక్క

2022 సెప్టెంబరు మొదటి వారం. గోదావరి డెల్టాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో, రొయ్యల చెరువు గట్టు మీద పాతికేళ్ల యువకుడు కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఇంటికి రాని గేదెను వెతుక్కుంటూ చీకట్లో ఆ గట్టు ఎక్కాడు. తెల్లవారి జనం చూసేసరికి పలుపుతాడు ఇంకా అతని చేతిలోనే ఉంది.

చెరువులో వనామీ రొయ్య పట్టుబడికి వచ్చింది. ఆ సమయంలో రాత్రిపూట విసురువలలతో దొంగలు పడతారని చెరువు యజమానులందరికీ భయం. అందుకే గట్టు చుట్టూ వెదురు గూటాలు పాతి, జీఐ (ఇనుప) తీగ లాగి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల స్టార్టరు పెట్టెలోంచి దానికి కరెంటు ఇచ్చారు. ఎవరు ఇచ్చారన్నదే కేసు.

నిందితులు ముగ్గురు. మొదటివాడు చెరువును లీజుకు తీసుకున్న ఆసామి. రెండోవాడు ఆయన దగ్గర నెల జీతానికి పనిచేసే సూపర్‌వైజరు. మూడోవాడు గట్టు మీద పాకలో భార్యతో కాపురం ఉంటున్న కాపలాదారు, ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చినవాడు. ముగ్గురి మీదా అప్పట్లో అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి 304 రెండో భాగం పెట్టారు. పదేళ్ల దాకా శిక్ష పడగల నేరం. నేను మూడోవాడి లాయర్ని. పేర్లు, ఊళ్లు, కోర్టు రాయడం లేదు. మిగతాదంతా నా కేసు డైరీలో ఉన్నదే.

లీజుదారు సొంత లాయరును పెట్టుకుని పది రోజుల్లో బయటికి వచ్చాడు. సూపర్‌వైజరుకు స్తోమత లేదు కాబట్టి న్యాయ సేవాధికార సంస్థలో పూర్తికాలం జీతం మీద పనిచేసే డిఫెన్స్ కౌన్సిల్ వకాలత్ వేశారు. 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తెచ్చిన పథకం కింద ఏర్పడిన కార్యాలయం అది. కాపలాదారు కేసును అదే కార్యాలయం చూడటానికి వీల్లేదు. తీగకు కరెంటు ఇచ్చింది కాపలాదారేనని సూపర్‌వైజరు అంటున్నాడు, సూపర్‌వైజరేనని కాపలాదారు అంటున్నాడు. ఒకరిని కాపాడాలంటే రెండోవారి మీద వేలు చూపాలి. ఆ రెండు పనులూ ఒకే కార్యాలయం చేయలేదు. జీతగాళ్ల వ్యవస్థ వచ్చాక ప్యానెల్ లాయర్లతో, అంటే సంస్థ జాబితాలో ఉండి ఫీజు మీద కేసులు చూసే నాలాంటి బయటి లాయర్లతో, ఇక పనేముందని అడిగేవారికి నేను చూపించేది ఈ కేసే. ఒక నేరంలో ఇద్దరు ముగ్గురు పేదవాళ్లు ఇరుక్కున్న ప్రతిసారీ బయటి లాయరు కావాలి. ఆ లాయరుకు ఎంత ఇస్తారు, ఏ పనికి ఇస్తారు అన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది.

పోయిన పదమూడు రోజులు

కేసు విచారణ కోసం సెషన్స్ కోర్టుకు బదిలీ (కమిట్) అయ్యాక, 2023 జనవరిలో నన్ను నియమించారు. కాగితాలు అందిన రాత్రి నేను మొదట చూసింది రిమాండ్ తేదీ, ఛార్జిషీటు తేదీ. వేళ్ల మీద లెక్కపెట్టి, నమ్మకం కుదరక క్యాలెండరు తీసి మళ్లీ లెక్కపెట్టాను. ఛార్జిషీటు 74వ రోజున పడింది.

2024 జూలై దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 167(2) ప్రకారం దర్యాప్తు గడువు లోపల ఛార్జిషీటు వేయకపోతే, కేసు బలాబలాలతో నిమిత్తం లేకుండా నిందితుడికి బెయిల్ హక్కు వచ్చేది. దాన్నే డిఫాల్ట్ బెయిల్ అంటారు. ఆ గడువు కొన్ని నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. పదేళ్ల 'దాకా' శిక్ష ఉన్న నేరం ఏ గడువు కిందికి వస్తుందని చాలాకాలం తగవు నడిచింది. 2017లో రాకేష్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది. కనీస శిక్షే పదేళ్లు అయితే తప్ప ఆ నేరానికి 60 రోజులే. 304 రెండో భాగంలో పదేళ్లు గరిష్ఠం, కనీసం కాదు. అంటే 61వ రోజున ఒక్క దరఖాస్తు పడి ఉంటే మా మనిషి ఇంటికి వెళ్లేవాడు. అరపేజీ దరఖాస్తు. 61 నుంచి 73 దాకా పదమూడు రోజులు ఆ తలుపు తెరిచి ఉంది. 74వ రోజున ఛార్జిషీటు రావడంతో మూసుకుపోయింది, ఎందుకంటే అడగని డిఫాల్ట్ బెయిల్ ఛార్జిషీటు తరువాత నిలవదు.

ఆ హక్కు సంగతి నిందితుడికి కోర్టే చెప్పాలని కూడా అదే తీర్పులో ఉంది. 60వ రోజున జైల్లో వీడియో తెర ముందు నిలబెట్టి రిమాండ్ పొడిగించినప్పుడు నీకేమైనా చెప్పారా అని తరువాత అడిగాను. "తెరలో పేరు పిలిచారు, చెయ్యెత్తాను బాబూ. అంతే" అన్నాడు.

మొదటి రిమాండ్ రోజున అతనికి లాయరు లేకపోలేదు. రిమాండ్ విధుల్లో ఉన్న ప్యానెల్ లాయరు ఆ పూట హాజరయ్యారు. ఆయన్ను తప్పు పట్టను. ఆయనకు చెల్లించేది ఆ పూట కోర్టులో ఉన్నందుకు. రెండు నెలలు తేదీలు లెక్కపెట్టుకుంటూ ఉండే పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు, ఆ పనికి ఫీజు పట్టికలో గడి లేదు. గడి లేని పని ఎవరిదీ కాకుండా పోయింది.

తరువాత మామూలు బెయిల్ దరఖాస్తు వేశాను. ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. ఆ దరఖాస్తు వాదనకు వచ్చిన రెండు తేదీల్లో నాకు వేరే ఊళ్లో ఒక ఆస్తి దావా ఉంది. ఆ కక్షిదారు పూర్తి ఫీజు ఇచ్చినవాడు, ఆ నెల మా ఆఫీసు అద్దె, గుమస్తా జీతం ఆ డబ్బులోంచే వెళ్లాయి. రెండుసార్లూ అక్కడికే వెళ్లి, ఇక్కడ వాయిదా అడిగాను. ఆ రెండు వాయిదాలకూ కలిపి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఒక మనిషి జైల్లో పడుకున్నాడు. నాకు ఇతర లాయర్ల కంటే మనసు తక్కువేమీ కాదు. తక్కువ ఇచ్చే కేసు ఎక్కువ ఇచ్చే కేసు కోసం ఆగుతుంది, దానికి ప్రతి కోర్టు వరండాలోనూ నాలాంటివాళ్లు సాక్ష్యం చెప్పగలరు.

ఫిబ్రవరిలో బెయిల్ వచ్చింది. స్థానికులైన ఇద్దరు జామీనుదారులను తెమ్మన్నారు. చెరువు గట్టు తప్ప ఊళ్లో మరో గడప తెలియని వలస కూలికి స్థానిక జామీను ఎవరిస్తారు? బెయిల్ కాగితం చేతికొచ్చాక కూడా జైల్లోనే ఉన్నాడు. అదృష్టవశాత్తు అప్పటికి కొద్దిరోజుల ముందే, 2023 జనవరి 31న, సుప్రీంకోర్టు బెయిల్ అమలు మీద మార్గదర్శకాలు ఇచ్చింది. నెల లోపు పూచీకత్తు సమర్పించలేకపోతే కోర్టు తనంతట తాను షరతులు సడలించడాన్ని పరిశీలించవచ్చని, విడుదల ఆలస్యం కావడానికి స్థానిక జామీను షరతు ఒక కారణమని, అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చన్న సూచన అందులో ఉంది. ఆ ఉత్తర్వు జతచేసి మళ్లీ దరఖాస్తు వేస్తే మార్చి ఆఖరులో విడుదలయ్యాడు. మొత్తం ఆరున్నర నెలలకు పైగా.

మూడో ములాఖత్

రాజమహేంద్రవరం కేంద్ర కారాగారానికి నేను మూడుసార్లు వెళ్లాను. మా ఊరి నుంచి బస్సులో రావులపాలెం దాటి, గౌతమి మీద వంతెన ఎక్కి, అక్కడ వరుసలో నిలబడి, మాట్లాడి తిరిగి వచ్చేసరికి ఒక రోజు పూర్తిగా పోతుంది.

మొదటిసారి అతను నన్ను నమ్మలేదు. పోలీసులు పంపారేమోనని అనుమానం. అడిగినదానికల్లా "నాకేం తెలీదు బాబూ" అన్నాడు. రెండోసారి భార్య గురించే మాట్లాడాడు. ఆమె అప్పటికి ఏడో నెల గర్భిణి, పుట్టింటికి చేరిందా లేదా అన్నదే అతని బెంగ. డైరీలో ఆ రెండు రోజుల కింద 'ఉపయోగం లేదు' అని రాసుకున్నాను. అలా రాయడం తొందరపాటు అని ఇప్పుడు తెలుసు. మూడోసారి, ఆమె క్షేమంగా చేరిందని నేను ఫోనులో కనుక్కుని వచ్చి చెప్పాక, తనంతట తనే మొదలుపెట్టాడు.

"ఆ పెట్టె నేనెప్పుడూ ముట్టలేదు బాబూ. దానికి తాళం ఉంటది." బొటనవేలు చూపించి, "ఇంత తాళం" అన్నాడు.

ఇంటికొచ్చి మధ్యవర్తుల నివేదిక (పంచనామా) మళ్లీ తీశాను. ఘటనా స్థలంలో చేత్తో రాసిన కాగితం, మూడో పేజీలో అక్షరాలు చెమటకు అలుక్కుపోయి ఉన్నాయి. అంతకుముందు నాలుగుసార్లు చదివాను. ఈసారి కనబడింది: 'ఏ2 చూపిన తాళంచెవితో స్టార్టరు పెట్టె తెరిపించి'. ఏ2 అంటే రెండో నిందితుడు, సూపర్‌వైజరు. తెరిపించి అన్న ఒక్క మాట. పెట్టెకు తాళం ఉంది, తాళంచెవి సూపర్‌వైజరు దగ్గర ఉంది, పోలీసులే రాసుకున్నారు.

మొదటి రెండు ములాఖత్‌లు జరగకపోతే మూడోది లేదు. ఫీజు పట్టిక మాత్రం ములాఖత్‌ను లెక్కలోకే తీసుకోదు.

తరువాత చెరువు దగ్గరికి వెళ్లాను. కాపలా పాక ఒక మూల, స్టార్టరు పెట్టె తూము దగ్గర స్తంభానికి ఎదురు మూల. మధ్యలో 140 అడుగులు, నా కాలి అడుగులు. పాకలో బల్బుకు వచ్చే లైను వేరే స్తంభం నుంచి. స్థానిక ఎలక్ట్రీషియన్ ఒకతన్ని తీసుకెళ్లి స్టార్టరు ఎలా పనిచేస్తుందో అక్కడే నేర్చుకున్నాను. విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్ కింద, కరెంటు వల్ల మనిషి చనిపోతే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి, ప్రభుత్వం విచారణ జరిపించవచ్చు. ఈ కేసులో ఆ నివేదిక ఉంది. ఛార్జిషీటుతో జతపరిచినా దాన్ని ఎవరూ విడమరిచి చదివినట్లు లేదు. గట్టు తీగను స్టార్టరులో మోటారు వైపు టెర్మినల్‌కు కలిపారని అందులో ఉంది. ఎలక్ట్రీషియన్ దాని అర్థం చెప్పాడు: స్టార్టరు వేసి ఏరేటర్లు తిరుగుతున్నంతసేపే తీగలో కరెంటు ఉంటుంది, ఏరేటర్లు ఆపితే తీగ చచ్చిపోతుంది. అంటే తీగకు విడిగా స్విచ్ లేదు. రాత్రి ఏరేటర్లు వేసినవాడే తీగకు కరెంటు ఇచ్చినవాడు. ఏరేటర్లు ఎప్పుడు వేయాలో లీజుదారు ఫోనులో చెబితే, తాళం తీసి వేసేది సూపర్‌వైజరు.

కాపలాదారే రోజూ తీగకు కరెంటు పెట్టేవాడన్న ప్రాసిక్యూషన్ కథ అక్కడ తెగింది. అయినా ఒక ప్రశ్న మిగిలింది. తీగ కట్టింది అతనే అయితే? దానికి మా మనిషి స్వగ్రామం వెళ్లాల్సి వచ్చింది. అతని భార్య తల్లీబిడ్డల కార్డులో స్వగ్రామంలో ఆరోగ్య కార్యకర్త రాసిన తేదీలు ఉన్నాయి. దంపతులు ఆ చెరువుకు రాకముందే తీగ ఉందని చెప్పడానికి అవి పునాది. అంతకుముందు అదే పాకలో ఉన్న కాపలాదారు ఒక ఇటుక బట్టీలో పనిచేస్తున్నాడని తెలిసి అక్కడికీ వెళ్లాను. గూటాలు తనచేత పాతించారని కోర్టుకు వచ్చి చెప్పాడు. అతనికి రెండు రోజుల కూలి పోయింది, బస్సు ఛార్జీలు అయ్యాయి. అవి నేనిచ్చాను. డిఫెన్స్ సాక్షి దారి ఖర్చు ఎవరిస్తారని సంస్థలో అడిగితే పద్దు లేదన్నారు.

2024లో తీర్పు వచ్చింది. లీజుదారుకు, సూపర్‌వైజరుకు 304-ఎ కింద, అంటే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు శిక్ష పడింది. 1964లో రిపోర్టయిన చెరూబిన్ గ్రెగరీ కేసు ఈ విషయంలో పాత దారి. మరుగుదొడ్డిలోకి ఇతరులు రాకుండా కరెంటు తీగ పెట్టిన వ్యక్తికి అదే సెక్షన్ కింద పడిన శిక్షను సుప్రీంకోర్టు నిలబెట్టింది. అనుమతి లేకుండా వచ్చినవాడి ప్రాణానికి కూడా రక్షణ ఉందని ఆ కేసు చెప్పింది. మా కాపలాదారు నిర్దోషిగా బయటపడ్డాడు.

చనిపోయిన యువకుడి తల్లి ప్రతి వాయిదాకూ వచ్చేది. విచారణ మధ్యలో ఒక రోజు వరండాలో నన్ను ఆపి, "మా పిల్లాడికి లాయరు ఎవరయ్యా? చంపినోళ్లకేనా ప్రభుత్వం లాయర్నిచ్చేది?" అని అడిగింది. ప్రభుత్వ ప్రాసిక్యూటరు మీ తరఫేనమ్మా అన్నాను. ఆమెకు ఆ జవాబు సరిపోలేదు, నాకూ సరిపోలేదు. తీర్పు తరువాత అనుకున్నాను: పాకలో ఉన్నవాడికి పేరుకు మాత్రమే లాయరు ఉండి, వాడి మీదే నేరం నిలిచిపోయి ఉంటే, తాళంచెవి సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఆమె కొడుకు ఎలా చనిపోయాడో రికార్డులోకి ఎక్కింది కోర్టులో నేను సాక్షులకు వేసిన అడ్డు ప్రశ్నల వల్లే.

డైరీలో లెక్క

ఈ కేసుకు గంటలు రాసుకోమని మా సీనియర్ మొదటే చెప్పారు. మొత్తం 112 గంటలు. అందులో కోర్టులో నిలబడి మాట్లాడినది పాతిక గంటలకు మించదు. మిగతాదంతా బస్సులు, జైలు గేటు, గట్టు, సర్టిఫైడ్ కాపీల కోసం నకళ్ల విభాగం దగ్గర నిలబడటం, రాత్రి చదువు. చేతి నుంచి పెట్టిన ఖర్చు 9,640 రూపాయలు. తీర్పు వచ్చాక బిల్లు పెట్టాను. హాజరు ధ్రువపత్రంలో ఒక తేదీ తప్పిందని ఒకసారి, సంతకం వేరేచోట ఉందని ఇంకోసారి తిప్పి పంపారు. ఏడు నెలలకు డబ్బు వచ్చింది. ఖర్చులు తీసేస్తే నాకు మిగిలింది గంటకు సుమారు 75 రూపాయలు. ఆ చెరువుల మీద పట్టుబడికి వచ్చే కూలి గంటకు అంతకంటే ఎక్కువే సంపాదిస్తాడు. అతని కష్టం తక్కువని కాదు. అతనికి ఆఫీసు అద్దె లేదు, పుస్తకాలు కొనే పని లేదు.

ఇది సేవ కదా, డబ్బు మాటెందుకు అని లాయర్ల సంఘంలో పెద్దలు అంటారు. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 39-ఎ అధికరణ ఉచిత న్యాయ సహాయాన్ని ప్రభుత్వ బాధ్యత చేసింది. 1981లో ఖత్రీ కేసులో, డబ్బు లేదనే సాకుతో ప్రభుత్వం ఆ బాధ్యత తప్పించుకోలేదని సుప్రీంకోర్టు చెప్పింది. 1986లో సుక్‌దాస్ కేసులో, నిందితుడు అడగలేదన్న కారణంతో లాయరును ఇవ్వకుండా నడిపిన విచారణను కొట్టివేసింది. 2019లో అనోఖీలాల్ కేసులో, ఉరి గానీ యావజ్జీవం గానీ పడగల కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్న లాయర్నే పెట్టాలని, సిద్ధం కావడానికి మామూలుగా కనీసం ఏడు రోజులు ఇవ్వాలని చెప్పింది. ఉచితం అన్నమాట నిందితుడికి వర్తిస్తుంది. లాయరు శ్రమ ఉచితమని ఎక్కడా లేదు. పదేళ్ల అనుభవం కావాలనడం సరైనదే, అంత అనుభవం ఉన్నవాళ్లు ఈ ఫీజుకు ఎన్నాళ్లు ఉంటారు? మా ప్యానెల్‌లో నాతో చేరిన వాళ్లలో నిలకడగా క్రిమినల్ కేసులు చూసేవాళ్లు తప్పుకున్నారు. మిగిలింది కొత్తవాళ్లు, నాలాగా వదలలేనివాళ్లు.

అమెరికాలోనూ ఇదే గొడవ ఉంది. పేద నిందితుడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలన్న 1963 నాటి గిడియన్ తీర్పు తరువాత, అక్కడ 1964లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రైవేటు లాయర్లకు గంటల లెక్కన చెల్లించే ఏర్పాటు చేసింది. పరిశోధకుడికి, నిపుణుడికి ఖర్చు విడిగా కోర్టు మంజూరు చేస్తుంది. నేను అసూయపడేది ఈ రెండో ఏర్పాటు చూసే. న్యూయార్క్ రాష్ట్రం తీవ్ర నేరాల కేసులకు 2004లో గంటకు 75 డాలర్లు పెట్టి, దాదాపు ఇరవై ఏళ్లు అలాగే ఉంచింది. 2023లో 158 డాలర్లు చేసింది. మసాచుసెట్స్‌లో 2025 మేలో ఈ లాయర్లు ఫీజు చాలదని కొత్త కేసులు తీసుకోవడం మానేశారు. అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2004లోనే ఒక నియమం పెట్టింది: లాయరు దొరకని నిందితుడిని ఏడు రోజులకు మించి నిర్బంధంలో ఉంచకూడదు, 45 రోజులు దాటితే అభియోగాలు కొట్టివేయాలి. లాయరు లేకపోతే రాష్ట్రం కేసే ఆగిపోతుంది. అందుకని అక్కడ ఫీజు ప్రభుత్వానికి కూడా సమస్య అవుతుంది. మా దగ్గర 61వ రోజున లాయరు లేకపోతే నష్టపోయేది జైల్లో ఉన్నవాడు ఒక్కడే.

గంటల లెక్క పెడితే దొంగ లెక్కలు రాస్తారన్నది నేను ఎక్కువగా విన్న అభ్యంతరం. రాస్తారు, కొందరు. కానీ జైలు గేటు దగ్గర రిజిస్టరు ఉంది, కోర్టు రోజువారీ నమోదు (డాకెట్) ఉంది, నకళ్ల దరఖాస్తు నంబర్లు ఉన్నాయి, ప్రతి రెండో గంటనూ ఎక్కడో ఒకచోట సరిచూసుకోవచ్చు. ఇప్పటి పద్ధతిలో మోసం ఇంకా తేలిక. ఏమీ చేయకుండా తేదీకి హాజరైతే చాలు, పూర్తి ఫీజు వస్తుంది. కష్టపడినవాడికీ అదే ఫీజు, కాకపోతే వాడికి చేతి ఖర్చు ఎక్కువ.

2025లో ఈ డైరీ జిరాక్సు జతచేసి సంస్థకు ఒక వినతి ఇచ్చాను. అందులో మొదటి కోరిక ఫీజు పెంపు కాదు. మొదటి రిమాండ్ రోజున వకాలత్ వేసిన లాయరే ఛార్జిషీటు పడేదాకా ఆ నిందితుడికి లాయరుగా ఉండాలని, గడువు రోజున వేసే డిఫాల్ట్ బెయిల్ దరఖాస్తుకు విడిగా ఫీజు పెట్టాలని అడిగాను. రెండోది, జైలు సందర్శనకు, ఘటనా స్థలం చూడటానికి, డిఫెన్స్ సాక్షి దారి ఖర్చుకు పద్దు తెరిచి, అందులో కొంత ముందే ఇవ్వాలని. మూడోది, తీర్పు దాకా ఆగకుండా మూడు నెలలకోసారి బిల్లు తీసుకోవాలని. ఫీజు పెంపు నాలుగోది. రెండో కోరికను ఒక కమిటీ సమావేశంలో చర్చకు పెట్టారు. దారి ఖర్చులకు రశీదులు ఎలా తెస్తారని ఒకరు అడిగారు. బస్సు టిక్కెట్లు తెచ్చాను, పాతవి, రబ్బరు బ్యాండు వేసి ఉంచుకున్నవి. అవి తీసుకుని ఫైల్లో పెట్టారు.

కాపలాదారు ఇప్పుడు భార్యాబిడ్డలతో సొంత ఊళ్లోనే ఉంటున్నాడు. కేసు నడిచినన్నాళ్లూ వాయిదాలకు వచ్చినప్పుడు మా గుమస్తా గదిలో పడుకునేవాడు. రైలు ఛార్జీ ఒక్కోసారి అతను పెట్టుకున్నాడు, ఒక్కోసారి నేను పెట్టాను. వాటిని డైరీలో రాయలేదు, రాయాల్సింది.